డబ్బాలో లేని చీటీ

ఎనిమిదో తరగతి పిల్లలకి హెడ్మాస్టరంటే భయం లేదు, పరీక్షలంటే అంతకన్నా లేదు. వాళ్ళ ప్రాణాలన్నీ లెక్కల టీచరు బల్లమీద ఉండే ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. సొట్టపోయిన మూత, వెలిసిపోయిన రంగు, చూడబోతే పాతసామానువాడు కూడా తీసుకోని డబ్బా. పిల్లలు దానికి పెట్టిన పేరు జడ్జిగారు.

తరగతిలో ముప్పైఆరుగురు. ఒక్కొక్కరి పేరుతో ఒక్కో చీటీ డబ్బాలో ఉంటుంది. టీచరు మూత బిగించి డబ్బాని నాలుగుసార్లు ఊపి, మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి పెట్టి ఒక చీటీ తీసేది. ఎవరి పేరు వస్తే వాళ్ళు బోర్డు దగ్గరకి పోయి, లెక్క చేస్తూ, ఏం చేస్తున్నారో ఎందుకు చేస్తున్నారో అందరికీ వినపడేట్టు చెప్పాలి. అలా పీరియడుకి నలుగురైదుగురు బలి. తీసిన చీటీని మళ్ళీ మడిచి అదే డబ్బాలో వేసేసేది. ఒకసారి గండం గడిచింది కదా అని కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి వీల్లేదు.

లెక్క సరిగ్గా చేస్తే టీచరు తల ఊపేది. తప్పు చేస్తే మూడే ముక్కలు. "తప్పు. కూర్చో. మళ్ళీ చూడు." డాక్టరుగారి అబ్బాయికైనా, బడి ఊడ్చే ఆయమ్మ కూతురికైనా అవే ముక్కలు, అదే గొంతు. ఆ గొంతుని పిల్లలు ఆటస్థలంలో అనుకరించేవారు. ఎవరైనా బంతి వదిలేస్తే చాలు, నలుగురు కలిసి "తప్పు. కూర్చో. మళ్ళీ చూడు" అని అరిచేవారు. టీచరుకి ఆ సంగతి తెలుసు. లోలోపల గర్వపడేది కూడా. తన దగ్గర పక్షపాతం లేదని ఊరంతా చెప్పుకోవాలని ఎవరికుండదు?

ముప్పైఆరు చీటీలన్నాను కదూ? అది పిల్లల లెక్క. డబ్బాలో ఉన్నవి ముప్పైఅయిదు. ముప్పైఆరోది టీచరు కళ్ళజోడు పెట్టెలో, జోడు తుడుచుకునే గుడ్డ కింద ఉండేది.

ఆ చీటీమీది పేరు రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్లది. గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయేలా ఉంటుందని డ్రిల్లు మాస్టారు ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టాడు. అందరికీ అదే అలవాటైంది. పిచ్చుకకి నత్తి. మామూలుగా ఎదుటివాళ్ళకి తెలిసేది కాదు, ఎందుకంటే మామూలుగా మాట్లాడేదే కాదు. కిందటేడు ఎవరికో బుద్ధి పుట్టి, పొద్దున్న బడి మొత్తం వరసల్లో నిలబడ్డప్పుడు ఆ పిల్లని మైకు ముందు వార్తలు చదవమన్నారు. మొదటి మాట మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసింది. మైకు పాపిష్టిది, ఆ ఒక్క అక్షరాన్నే పెంచి పెద్దదిచేసి బడి చుట్టూ తిప్పింది. ముందు ఎవరో ఒకరు నవ్వారు, తర్వాత బడంతా నవ్వింది. గంట కొట్టేదాకా ఆ పిల్ల కాగితం పట్టుకుని అలాగే నిలబడింది. లెక్కల టీచరు టీచర్ల వరసలో నిలబడి అంతా చూసింది, ముందుకి ఒక్క అడుగు వేయలేకపోయింది.

ఈ ఏడు ఆ పిల్ల తన తరగతికే వచ్చింది. మొదటిరోజు చీటీలు రాసి మడుస్తుంటే ఆ పేరు చేతికొచ్చింది. కొన్నాళ్ళు పోనీలే, కాస్త కుదురుకున్నాక వేద్దాం అనుకుని పక్కన పెట్టింది. కొన్నాళ్ళు కాస్తా నెలలయ్యాయి. డబ్బాలో చెయ్యి పెట్టేటప్పుడు రెండో బెంచీ వైపు మాత్రం చూసేది కాదు. చేసింది మంచే అని తెలిసినా ఎందుకో చూడబుద్ధయ్యేది కాదు.

అంతా సజావుగానే నడుస్తుండగా సంభావ్యత పాఠం వచ్చిపడింది.

"ఇది భయపడాల్సిన మాట కాదు" అంటూ టీచరు ఆ మాటని బోర్డుమీద రాసింది. "ఏదైనా జరగడానికి ఎంత అవకాశం ఉందో అంకెల్లో చెప్పడం, అంతే. జరగనే జరగదంటే సున్నా. జరిగి తీరుతుందంటే ఒకటి. మిగతావన్నీ ఆ రెంటి మధ్యలో ఉంటాయి." జేబురుమాలు ముడిలోంచి నాణెం తీసి ఎగరేసింది. బొమ్మ. మళ్ళీ ఎగరేసింది. మళ్ళీ బొమ్మ. మూడోసారీ బొమ్మే. పిల్లలు బెంచీలమీద ముందుకి వంగారు.

"ఇప్పుడు ఎగరేస్తే ఏం పడుతుంది?"

"బొరుసు!" తరగతి కప్పు లేచిపోయింది.

గుమ్మం దగ్గర డ్రిల్లు మాస్టారు ఈల మెడలో వేసుకుని ఎక్కడికో పోతూ ఆగాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. "బొరుసే టీచరుగారూ, రాసిస్తాను. వరసగా నాలుగు మ్యాచుల్లో టాసు ఓడిపోయా. రేపు నాదే!"

"నాణేనికి జ్ఞాపకం ఉండదు మాస్టారూ. కిందటిసారి ఏం పడిందో దానికి తెలీదు. రేపు కూడా మీకు సగమే."

"మీకు లెక్కలొచ్చు, నాకు ఆటలొచ్చు" అని ఆయన చేతులూపుకుంటూ వెళ్ళిపోయాడు. టీచరు నాణెం ఎగరేసింది. బొరుసు పడింది. పిల్లలు గెలిచినట్టు కేరింతలు కొట్టారు. అది కాదర్రా అని వాళ్ళకి నచ్చజెప్పేసరికి టీచరు తాతలు దిగివచ్చారు.

అప్పుడు లేచాడు లాయరు. వాళ్ళింటావంటా లాయర్లెవరూ లేరు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడంటే సాక్షులెవరని అడిగే రకం కనుక ఆ పేరొచ్చింది.

"టీచర్, జడ్జిగారికి కూడా జ్ఞాపకం ఉండదా?"

"ఉండదు."

"మరి నాకే ఎందుకు అన్నిసార్లు వస్తుంది? అందరికీ సమానం అన్నారు కదా. పరీక్ష పెడదాం టీచర్. ఇన్నాళ్ళలో ఎవరికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేద్దాం. ఎవరి ఏడుపు వాళ్ళకి గుర్తుంటుంది కదా!"

తరగతి మొత్తం "అవును టీచర్, అవును టీచర్" అంది. పాఠానికి ఇంతకన్నా మంచి ప్రయోగం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఇంకే టీచరైనా అయితే ఆ కుర్రాడి భుజం తట్టేది. ఈవిడ గుండెల్లో రాయి పడింది. ముప్పైఅయిదు మందీ పదిసార్లో పన్నెండుసార్లో అంటారు, ఒక్క పిల్ల దగ్గర సున్నా తేలుతుంది. అందరూ అటు తిరుగుతారు. ఎందుకు సున్నా అన్న ప్రశ్నకి జవాబు వాళ్ళే కనిపెట్టేస్తారు, ఎందుకంటే కిందటేడు మైకు ముందు నవ్వింది వాళ్ళే. పోయిన పరువుని ఆ పిల్ల ఏడాదిపాటు నోరు మూసుకుని కూడగట్టుకుంది. రేపు అది మళ్ళీ అందరిముందూ పోతుంది, ఈసారి తన చేతుల మీదుగా పోతుంది.

అదృష్టం కొద్దీ గంట మోగింది. "రేపు చూద్దాం" అంది టీచరు.

పిల్లలంతా బిలబిలమంటూ వెళ్ళిపోయారు. టీచరు బోర్డు తుడుస్తుంటే వెనక ఎవరో ఉన్నట్టనిపించింది. పిచ్చుక.

"టీ... టీచర్. ఇప్... ఇప్పటిదాకా..."

"ఇప్పటిదాకా చెప్పింది అర్థం కాలేదా?" టీచరుకి ఇదొక అలవాటు. ఆ పిల్ల మాట దగ్గర ఆగితే తనే పూర్తిచేసేది. సాయం అనుకునేది.

పిల్ల కాదన్నట్టు తల ఊపింది. గౌనుకి అరచేతులు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. "ఇప్పటిదాకా... ఒక్కసారి కూడా రా... రానివాళ్ళకి... రేపు వచ్చే అవకాశం ఎక్కువా?"

టీచరు చేతిలో డస్టరు అలాగే ఉండిపోయింది.

"ఎక్కువ కాదమ్మా. ఎప్పుడూ అంతే. ముప్పైఆరింట ఒకటి."

"రోజూ... పె... పెరగదా?"

"పెరగదు."

పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. బరువు దింపుకున్న మనిషిలా భుజాలు కిందికి జారాయి. "పెరుగుతోందనుకున్నా టీచర్" అని సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది.

టీచరు కుర్చీలో కూలబడింది. ఆ పిల్ల చల్లగా ఉందనుకుంది తను. ఆ పిల్లేమో నిన్న రాలేదు కాబట్టి ఇవాళ, ఇవాళ రాలేదు కాబట్టి రేపు తప్పదని, రోజుకింత భయం పెంచుకుంటూ వచ్చింది. పైగా ఇప్పుడు నోరారా అడిగితే మళ్ళీ అబద్ధమే చెప్పింది. ముప్పైఆరింట ఒకటి కాదు, సున్నా. లెక్కల టీచరు చెప్పకూడని అబద్ధం ఏదైనా ఉంటే అదే.

సాయంత్రం వంటింట్లో కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు విన్నవాడు కనుక ఇంట్లో నిశ్శబ్దం అంటే ఇష్టం, కాని ఈ నిశ్శబ్దం వేరని పట్టేశాడు.

"ఏమైంది? ఉప్పు సంగతి నేను సర్దుకుంటాలే, అసలు సంగతి చెప్పు."

చెప్పింది. ఆయన గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్ళు పోసి, గరిటె తిప్పుతూ విన్నాడు.

"ఇంతేగా? రేపు పొద్దున్నే పిల్లలు రాకముందే ఆ చీటీ డబ్బాలో పడేయ్. ఎవడైనా లెక్కపెట్టినా ముప్పైఆరుంటాయి."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదంటే?"

"జరగడం కష్టమేగాని జరగకూడదని రూలేం లేదు అను. అది నీ పాఠంలో ఉన్న మాటేగా. అబద్ధం కూడా కాదు."

"నిజమూ కాదు కదండీ."

"ఇదిగో, మా బస్సులో ఏడాదిలో రెండేసార్లు చెకింగువాళ్ళు ఎక్కారు. రెండుసార్లూ ఆ మూలసీటు పెద్దాయన టిక్కెట్టు మర్చిపోయిన రోజే. నమ్మేట్టుందా? కాని జరిగింది. జనం నమ్ముతారు." ఆయన కూర రుచి చూసి మొహం చిట్లించాడు. "దీన్ని మాత్రం ఎవరూ నమ్మరు."

ఆవిడకి నవ్వు రాలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే పిల్ల నవ్వులపాలు, చెప్పకపోతే తను ఎప్పటికీ తేలు కుట్టిన దొంగే. చివరికి మొగుడి మాటే గట్టిదనిపించింది.

మర్నాడు అందరికన్నా ముందే బడికి వచ్చింది. పక్క వీధిలో వెల్డింగు షాపువాడు ఇంకా షట్టరు ఎత్తలేదు. ఖాళీ తరగతిలో కళ్ళజోడు పెట్టె తెరిచి, గుడ్డ కిందనుంచి చీటీ తీసి, డబ్బాలో వేసి బాగా కలిపింది. ముప్పైఆరు. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

పీరియడు మొదలుకాగానే లాయరు గుర్తుచేశాడు. మర్చిపోతాడనుకోవడం ఆవిడ అత్యాశ.

"సరే. అటూ ఇటూగా చెప్పినా చాలు" అంది టీచరు, గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నిస్తూ. "ఇరవైసార్లకి పైగా వచ్చినవాళ్ళు చేతులెత్తండి. ఒకసారి ఎత్తినవాళ్ళు మళ్ళీ ఎత్తకూడదు."

ఒక్క చెయ్యే లేచింది, లాయరుది. "చూశారా, చెప్పానా!" అన్నాడు అందరివైపూ తిరిగి.

"పదిహేనుకి పైగా." కొన్ని చేతులు. "పదికి పైగా." చాలా చేతులు. "అయిదుకి పైగా." ఇంకొన్ని. ప్రతిసారీ అంకె బోర్డుమీద వేస్తూ పోయింది. చాక్‌పీసు రెండుసార్లు విరిగింది. "చూశారుగా, ఎక్కువమంది మధ్యలో ఉన్నారు. లాయరు లాంటివాళ్ళు ఒకరో ఇద్దరో చివర్లో ఉంటారు. అంతమాత్రాన జడ్జిగారికి వాడిమీద పగ ఉన్నట్టు కాదు. సరే, ఇక పుస్తకాలు..."

"టీచర్, కూడితే ముప్పైఅయిదే వచ్చింది. ఒకరు తక్కువ" అన్నాడు లాయరు.

"ఎవరో రాలేదేమో."

"అందరూ వచ్చారు టీచర్. హాజరు మీరే పిలిచారు."

తలలు అటూ ఇటూ తిరిగాయి. వెనక బెంచీ నుంచి ఎవరో "పిచ్చుక చెయ్యెత్తలేదు" అన్నారు. ముప్పైఅయిదు జతల కళ్ళు కిటికీ పక్కకి తిరిగాయి. పిచ్చుక చెవులు ఎర్రబడ్డాయి. మెల్లగా చెయ్యెత్తింది. వేళ్ళు తెరవలేదు. బిగించిన పిడికిలి, సున్నా.

"ఒక్కసారి కూడా రాలేదా!" లాయరు నోరు తెరిచాడు. వాడికి పిల్లమీద కోపం లేదు, ఎగతాళి లేదు. లెక్క తేలకపోతే వాడికి అన్నం సయించదు. "అదెలా టీచర్? అందరికీ పది చుట్టుపక్కల వచ్చి ఒకరికి సున్నా ఎలా వస్తుంది? అసలు తన చీటీ డబ్బాలో ఉందా?"

"ఉంది" అంది టీచరు, కాస్త తొందరగా. "కావాలంటే చూసుకోండి."

"తననే చూడమనండి టీచర్. ఎవరి చీటీకి వాళ్ళే సాక్షి."

పిచ్చుక లేచింది. రెండో బెంచీ నుంచి బల్లదాకా నడవడానికి ఎంతసేపు పడుతుంది? టీచరుకి మాత్రం అది ఒక పీరియడంత అనిపించింది. పిల్ల డబ్బా మూత తీసి బల్లమీద బోర్లించింది.

అప్పుడు చూసింది టీచరు. ముప్పైఅయిదు చీటీలు నెలల తరబడి చేతుల్లో నలిగి, సుద్దపొడి అంటి, పాతగుడ్డ పీలికల్లా మెత్తబడి నల్లగా ఉన్నాయి. వాటి మధ్యలో ఒక్కటి తెల్లగా, మడత అంచు చెక్కు చెదరకుండా పడి ఉంది. లెక్కల టీచరు కదా, చీటీల సంఖ్య సరిచూసుకుందిగాని వాటి వయసు చూసుకోలేదు.

పిల్ల కూడా చూసింది. వెతకలేదు, తిన్నగా ఆ తెల్ల చీటీనే తీసి విప్పింది. తన పేరు చదువుకుంది. తలెత్తి టీచరు మొహంలోకి చూసింది. పదమూడేళ్ళ పిల్ల. అయినా ఆ చూపు ముందు టీచరుకి నిలబడటం కష్టమైంది.

"ఉందా?" అన్నాడు లాయరు మెడ సాచి.

పిల్ల గుప్పిట మూసేసింది. చీటీ తెల్లదనం ఎవరికీ కనపడకుండా మూసేసింది. "ఉం... ఉంది" అంది.

టీచరుకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. తను ఆ పిల్లని దాచాననుకుంటే, ఇప్పుడు ఆ పిల్ల తనని దాస్తోంది.

"ఉంటే మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు టీచర్?"

అందరూ టీచరు వైపు తిరిగారు. మొగుడిచ్చిన మాట నాలుకమీద సిద్ధంగా ఉంది. "చూడండి, ఇలా జరగడం చాలా కష్టం. కాని అసాధ్యమని..." అని మొదలుపెట్టింది. పాఠంలో ఉన్న మాట, నిఖార్సయిన లెక్క. ఇంకే తరగతి గదిలో చెప్పినా నిజమే అయ్యుండేది. పిల్ల గుప్పిట ఇంకా బిగించే ఉంది, వేళ్ళ కణుపులు పాలిపోయాయి.

"తప్పు" అంది టీచరు.

పిల్లలకి అర్థం కాలేదు. బోర్డు దగ్గర ఎవరూ లెక్క చేయడం లేదు.

"నేను చెప్పబోయింది తప్పు. ఆ చీటీ ఇవాళ పొద్దున్నదాకా డబ్బాలో లేదు. నేనే వెయ్యలేదు."



"ఎందుకు టీచర్?" ఈసారి లాయరు గొంతు కూడా చిన్నబోయింది.

"కిందటేడు మైకు ముందు జరిగింది మీకు గుర్తుంది, నాకూ గుర్తుంది. మళ్ళీ మీరు నవ్వితే నేను చూడలేననుకున్నాను. ఆ భయం తనది కాదు, నాది. తనని అడగను కూడా అడగలేదు."

సగం తరగతి బెంచీల వంక చూస్తూ కూర్చుంది. నవ్వినవాళ్ళెవరో వాళ్ళకి తెలుసు. పిచ్చుక మాత్రం తల దించలేదు.

"అయితే..." అని ఆగింది. టీచరు పెదవులు అలవాటుగా కదిలాయి. పళ్ళు బిగబట్టి ఆపుకుంది. తరగతి ఎదురుచూసింది.

"అయితే... నేను ఊ... ఊరికే భయపడ్డానా?" అంది పిల్ల. కళ్ళనిండా నీళ్ళు, కాని గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. "రోజూ పొ... పొద్దున్నే కడుపులో నొప్పి టీచర్. మీరు డబ్బాలో చె... చెయ్యి పెడితే ఊపిరి బిగబట్టేదాన్ని. లేదని చెప్పుంటే... హా... హాయిగా లెక్కలు వినేదాన్ని కదా."

ఆ పిల్ల ఏడాదిలో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం ఎవరూ ఎరగరు. ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో ఎవరూ పట్టించుకోలేదు. మంచి చేద్దామని ఎంత చెడు చేసిందో టీచరుకి అప్పుడు పూర్తిగా తెలిసింది. "క్షమించమ్మా" అంది. అంతకన్నా పెద్ద మాట దొరకలేదు.

"నిన్న ముప్పైఆరింట ఒ... ఒకటి అన్నారు."

"అబద్ధం చెప్పాను. నిన్న సున్నా. ఇవాళ ముప్పైఆరింట ఒకటి."

లాయరు కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకుని చెయ్యెత్తాడు. "అంటే టీచర్, ఇన్నాళ్ళూ మాకు ముప్పైఅయిదింట ఒకటన్నమాట. తన వాటా కూడా మేమే మోశాం!" ఎవరో పుసుక్కున నవ్వారు. పిచ్చుక కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత ఆ తెల్ల చీటీని రెండు అరచేతుల మధ్యా పెట్టి, వడ్లు నలిపినట్టు గట్టిగా నలిపింది. చాక్‌పీసు పొడిలో దొర్లించింది. మిగతావాటితో కలిపి డబ్బాలో పోసి, మూత పెట్టి, తనే ఊపింది. డబ్బా టీచరు ముందు పెట్టి వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు డబ్బాలో చెయ్యి పెట్టడానికి టీచరు భయపడింది. ముప్పైఆరింట ఒకటి అంటే ఎంతో ఆవిడకి మొదటిసారి తెలిసినట్టయింది. వచ్చిన చీటీ లాయరుదే. తరగతి గొల్లుమంది.

తర్వాతి రోజుల్లో కూడా ఆవిడ భయం తగ్గలేదు. ఇప్పుడు మాత్రం రెండో బెంచీ వైపు చూసేది. పిల్ల బెంచీ అంచు పట్టుకుని కూర్చునేది. అందరూ అలాగే పట్టుకుని కూర్చుంటారని కూడా టీచరు అప్పుడే గమనించింది.

ఒకనాడు, ఏ విశేషమూ లేని ఒక మధ్యాహ్నం, చీటీ విప్పితే ఆ పేరు ఉంది. నలిగి, నల్లబడి, మిగతావాటిలాగే ఉంది చీటీ. ఇంకో పేరు చదివేస్తే ఎవరికీ తెలీదన్న ఆలోచన కూడా రాకపోలేదు. పేరు పైకి చదివింది.

పిచ్చుక బోర్డు దగ్గరకి వెళ్ళింది. సంచీలో మూడు ఎర్ర గోళీలు, అయిదు నీలం గోళీలు. చూడకుండా తీస్తే ఎర్రది వచ్చే అవకాశం ఎంత?

"ఎ..." అని మొదలుపెట్టింది. ఆగిపోయింది. చాక్‌పీసు పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. పక్క వీధి వెల్డింగు చప్పుడు గదిలోకి వచ్చి పోతోంది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ అందించలేదు. టీచరు చీర కొంగుని వేలికి చుట్టుకుని, ఊడదీసి, మళ్ళీ చుట్టుకుంది. ఆ పిల్ల ఏ మాట అనబోతోందో ఆవిడకి తెలుసు, నాలుక చివరదాకా వచ్చిన ఆ మాటని మింగేసింది.

"ఎ... ఎర్రవి మూడు. నీలం అయిదు. కా... కాబట్టి... మూడు బై అయిదు."

గది మొత్తం టీచరు వంక చూసింది. ఇంత కష్టపడి చెప్పిన పిల్లకి ఏమంటుందోనని అందరికీ ఆత్రమే. మొత్తం గోళీలు ఎన్నో చూసుకోవాలి, పిల్ల నీలంవి మాత్రమే చూసింది. ఎనిమిదో తరగతిలో సగంమంది చేసే తప్పు.

"తప్పు" అంది టీచరు. గొంతు వణకకుండా చూసుకుంది. "కూర్చో. మళ్ళీ చూడు."

పిచ్చుక మొహం అందరి మొహాల్లాగే ముడుచుకుంది. చాక్‌పీసు బల్లమీద పెట్టి విసవిసా నడిచింది. టీచరు డబ్బా మూత తీసి ఇంకో చీటీ కోసం చెయ్యి పెట్టింది. పిల్ల బెంచీ దాకా వెళ్ళిందో లేదో గిర్రున వెనక్కి తిరిగింది.

"ఎ... ఎనిమిది! టీచర్, కింద ఎనిమిది!"

పిట్ట కొంచెం, కూత ఘనం. ఆ అరుపు పక్క తరగతిలో కూడా వినపడి ఉంటుంది. టీచరు కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. చీటీ రాకుండా మధ్యలో అరిచేవాళ్ళంటే ఆవిడకి ఎప్పుడూ చిరాకే.

"నిన్నెవరు అడిగారు? చీటీ వచ్చినప్పుడు చెప్పు" అని కసిరింది, అందరినీ కసిరినట్టే.